కాగితం సరిపోలేదు

పసిపిల్లల గది మేడమీద ఉంది. కింద నుంచి పైకి ఇరవై రెండు మెట్లు. ఈ లెక్క ఆ బడిలో ఆయమ్మకు తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే తక్కినవాళ్ళు ఎక్కుతారు గాని లెక్కపెట్టరు. పన్నెండో మెట్టు దగ్గర మలుపు. ఆయమ్మ అక్కడ ఆగి కడ్డీ పట్టుకుంటుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఏప్రాన్ మీది పిన్నీసులు సర్దుకుంటున్నట్టు కాసేపు నటించి, ఊపిరి అందాక మిగతా పదీ ఎక్కుతుంది. నీలం ఏప్రాన్ మీద పిన్నీసులు ఏడెనిమిది వరసగా ఎప్పుడూ ఉంటాయి. ఊడిన గుండీకి, తెగిన పట్టీకి, జారిపోయే లాగుకి అవే దిక్కు.

సోమవారం ఆ నటన కాస్తా పట్టుబడింది. బడి నడిపే ఆవిడను అందరూ పెద్దమేడం అంటారు. ఆవిడ పైనుంచి దిగి వస్తూ మలుపు దగ్గర ఆయమ్మ రొప్పుతుంటే చూసింది. ఒళ్ళు బరువెక్కింది ఆయమ్మా, ఇంక ఈ మెట్లు నీవల్ల కావు అంది. కోపంగా అనలేదు, అనునయంగానే అంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. శనివారం పిల్లల ప్రదర్శన ఉంది కదా, అదయ్యాక సోమవారం మాట్లాడదాం అంది. వెనకవైపు స్టోరు గదికి మెట్లు లేవట. సుద్దముక్కలూ కొత్త పుస్తకాలూ చూసుకుంటూ కుర్చీలో హాయిగా కూర్చోవచ్చట.

"మీ ఇష్టమండీ" అంది ఆయమ్మ. ఆ మాట ఆవిడ నోటికి ఎంత అలవాటంటే, దానంతటదే వచ్చేస్తుంది.

పైకి వెళ్ళి తలుపు చాటున ఏప్రాన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. స్టోరు గదిలో చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళు ఉండరు. ముక్కు తుడవడానికి ముక్కే ఉండదు. కూర్చోబెట్టి గౌరవించడమంటే ఇదే కాబోలు అనుకుంది. ఇంతలో ఒక పిల్ల వచ్చి బూటు తాడు ముడి పడిందని కాలు చాపింది, దాంతో ఏడవడం వాయిదా పడింది.

ఆ వారమంతా కింది వసారాలో ఈజిప్టు నడుస్తోంది. ఈ ఏడే చేరిన క్రాఫ్టు టీచరమ్మ మూడో తరగతి పిల్లలకు వేల ఏళ్ళ కిందటి ఈజిప్టువాళ్ళు ఎలా బతికారో చేతులతో చేయించి చూపిస్తోంది. గోధుమరంగు కాగితాన్ని సన్నగా చీల్చి, జిగురులో ముంచి, నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని పేర్చి, పైన అట్టలు పెట్టి నొక్కుతున్నారు. అలా చేస్తే అప్పటి కాగితం అవుతుందట. చేతిలో మంచి కాగితం ఉండగా దాన్ని చింపి మళ్ళీ కాగితం చెయ్యడం ఏమిటో ఆయమ్మకు అంతుపట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా అనుకుని, నేల మీది జిగురు తుడిచింది.

బుధవారం మందుల పెట్టె తెరిస్తే గాయాలకు కట్టే గుడ్డ చుట్టలు ఒక్కటీ లేవు.  ఎవడు పడ్డాడో, ఎంత దెబ్బో అనుకుంటూ ఆయమ్మ గబగబా దిగి మూడో తరగతిలోకి వెళ్ళి, దెబ్బ తగిలింది ఎవరికని అడిగింది.

"రాజుకి" అన్నారు పిల్లలు.

ఎప్పుడు తగిలిందంటే మూడువేల ఏళ్ళయింది అన్నారు. తీరా చూస్తే బల్ల మీద జానెడు బొమ్మ, తల నుంచి కాళ్ళ దాకా బడి కట్టుగుడ్డలే చుట్టుకుని పడుకుని ఉంది. చచ్చిపోయినవాడికి కట్లెందుకని అడిగితే, మళ్ళీ లేచాక ఒళ్ళు కావాలి కదా అన్నారు. పక్కనే చెప్పుల డబ్బా నిండా వేలెడేసి మట్టిబొమ్మలు ఉన్నాయి. అవి రాజుగారి పనివాళ్ళట. ఆయన పోయాక కూడా పొలం దున్నడానికి, నీళ్ళు మొయ్యడానికి సమాధిలో ఆయన వెంట పెడతారట. పోయాకయినా ఆ మనిషి తన పని తాను చేసుకోడా అని అడిగింది ఆయమ్మ. రాజు కదా అన్నారు పిల్లలు. ఆ వారంలో ఆయమ్మకు ఠకీమని అర్థమైన ముక్క అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే టీచరమ్మ గోడబొమ్మల సంగతి చెప్పింది. ఆ కాలంలో మనిషిని వేస్తే మొహం పక్కకు, కన్ను మాత్రం ఎదరకు, భుజాలు రెండూ కనపడేలా వేసేవాళ్ళు. ఇంకో సంగతి కూడా ఉంది. మనిషి ఎత్తును బట్టి బొమ్మ వెయ్యరు, గొప్పను బట్టి వేస్తారు. అందరికన్నా ముఖ్యమైనవాళ్ళు గోడంత ఉంటారు, తక్కినవాళ్ళు వాళ్ళ మోకాలి దాకా వస్తారు. మీరూ అలాగే మన బడి బొమ్మ వెయ్యండి అని చెప్పి, చుట్టగా ఉన్న పొడుగు కాగితంలోంచి తలా ఒక బారెడు కత్తిరించి ఇచ్చింది.

ఈ మాటలు చెప్పినప్పుడు ఆయమ్మ అక్కడ లేదు. పైన ఒక చంటిది అన్నం గిన్నె ఒళ్ళో బోర్లించుకుంటే దాన్ని కడుగుతోంది. ఎంత ముఖ్యమైన మాటయినా ఆయమ్మ మెట్ల మీదో, నీళ్ళగదిలోనో ఉన్నప్పుడే చెబుతారు ఆ బడిలో.

గురువారం ఉదయం వసారా గోడకు బొమ్మలన్నీ అంటించేశారు. ఆయమ్మ బకెట్టు పట్టుకుని అటు వెళ్తూ ఆగిపోయింది. వరసలో నాలుగో కాగితం మీద కింది అంచు నుంచి పై అంచు దాకా ఒకే ఆడమనిషి. మొహం పక్కకు, కన్ను ఇటు, భుజాలు తలుపు రెక్కల్లా ఇంతింత. నీలం ఏప్రాన్. దాని మీద వరసగా ఎనిమిది పిన్నీసులు, ఒక్కోదాన్ని వెండిరంగు కాగితంతో కత్తిరించి అంటించారు. సిగ చోటు చాలక పై అంచు దగ్గర కొంచెం ఒరిగింది. ఆ మనిషి మోకాలి దగ్గర చింతాకంత ఇంకొకావిడ, కళ్ళజోడు పెట్టుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉంది. ఆ కళ్ళజోడు పెద్దమేడందే.

 ఇంత లావా నేను అనుకుంది ఆయమ్మ. పిల్లలు చుట్టూ మూగి ఆయమ్మ, ఆయమ్మ అని అరుస్తూ ఒకటే నవ్వు. బొమ్మ పోల్చుకున్న సంబరం అది. కాని సోమవారం మెట్ల మీద విన్న మాట ఇంకా చెవిలో ఉన్న మనిషికి అది వెక్కిరింతలాగే వినపడింది.

బొమ్మ వేసింది ఎవరో అడగక్కర్లేదు. గుండీల పిల్ల నిలబడి ఉంది అక్కడే, చేతినిండా నీలం రంగుతో. వారంలో మూడు రోజులు ఆ పిల్లకు ఏదో ఒక గుండీ ఊడుతుంది. అందుకే ఆ పేరు. ఆ పేరు పెట్టింది ఆయమ్మే.

"ఏమ్మా, నేనింత ఉన్నానా?" అని అడిగింది ఆయమ్మ మెల్లగా.

"ఇంకా పెద్దగా వేద్దామనుకున్నా ఆయమ్మా" అంది పిల్ల, తప్పు చేసినట్టు మొహం పెట్టి. "కాగితం సరిపోలేదు."

ఆయమ్మ బకెట్టు ఎత్తుకుంది. పిల్ల ముద్దుగా చూసే కళ్ళు చూస్తే వెక్కిరిస్తున్నట్టు లేదు. అన్న మాట చూస్తే అంతకన్నా వెక్కిరింత లేదు. ఏది నమ్మాలో తెలియక మెట్లెక్కుతూ ఆ రోజు పన్నెండో మెట్టు దగ్గర ఆగడం కూడా మరిచిపోయి, పద్దెనిమిదో మెట్టు దగ్గర కూలబడినంత పనయింది.

సాయంత్రం ఇంట్లో మొగుడితో చెప్పింది. ఆయన దుకాణాలకు బోర్డులు రాస్తాడు. పెరట్లో కుంచెలు కిరసనాయిల్లో జాడిస్తూ అంతా విన్నాడు. బొమ్మల విషయంలో తన మాటకు తిరుగులేదని ఆయన నమ్మకం.

దగ్గరున్నది పెద్దగా కనపడుతుంది, దూరంగా ఉన్నది చిన్నగా కనపడుతుంది, బొమ్మలు వెయ్యడంలో మొదటి పాఠం అదేనన్నాడు. "ఆ పిల్లకి నువ్వు దగ్గర, మీ మేడం దూరం. ఉన్నదున్నట్టు వేసింది. ఇందులో ఏడవడానికి ఏముందే?"

మరి ఇద్దరూ ఒకే గీత మీద నిలబడ్డారు కదా, పాదాలు పక్కపక్కనే ఉన్నాయి కదా అంది ఆయమ్మ. ఆయన కుంచె జాడించడం ఆపి ఆలోచించాడు. అలాగయితే పిల్లకి బొమ్మ వెయ్యడం రాదని తేల్చేశాడు. వచ్చింది కాబట్టే పిన్నీసులు ఎనిమిదీ లెక్క తప్పకుండా వేసిందని ఆయమ్మకు తెలుసు. ఆ సంగతి ఆయనతో అనలేదు. అన్నం తిన్నాక ఊరికే అద్దం ముందు ఓసారి పక్కకు తిరిగి నిలబడి, ఒక కంటితో తనను తాను చూసుకుంది. ఆ చూపులో ఏమీ తేలలేదు.

శుక్రవారం ఆ తికమక భయంగా మారింది. ఆయమ్మ మెట్ల కింద చీపురు కడుగుతుంటే పెద్దమేడం, క్రాఫ్టు టీచరమ్మ వసారాలో నడుచుకుంటూ వచ్చారు. పెద్దమేడం నాలుగో కాగితం దగ్గర ఆగింది. కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసింది. టీచరమ్మ ఏదో చెప్పబోయింది, అంతలో పెద్దమేడం ఫోను మోగింది.

"ఇదేంటి, రేపటికి ఇది ఇలా ఉండకూడదు. సరిచేయించండి" అని ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయింది ఆవిడ.

ఆయమ్మకు ఇంకేం వినక్కర్లేకపోయింది. రేపు ఊళ్ళోవాళ్ళంతా వస్తారు. బడి కమిటీవాళ్ళు వస్తారు. ఆయమ్మ ఒళ్ళు ఎంత పెరిగిందో, మెట్లు ఎందుకు ఎక్కలేకపోతోందో వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, గోడే చెబుతుంది. పైగా బడి యజమానురాలు దాని కాళ్ళ దగ్గర చింతాకంత. గోరంతది కొండంత చేసి గోడకెక్కించింది ఈ పిల్ల. సోమవారం దాకా ఎందుకు, రేపే స్టోరు గది తాళాలు చేతిలో పెడతారు.

పిల్లలంతా వెళ్ళిపోయాక, టీచరమ్మ కూడా రంగుల డబ్బాలు సర్ది వెళ్ళాక, ఆయమ్మ పైనుంచి కత్తెర తెచ్చింది. పసిపిల్లల గోళ్ళు తీసే మొండిమొన కత్తెర అది. దానితో కాగితం ఒక పట్టాన తెగదు. పాదాల దగ్గర మొదలుపెట్టి ఏప్రాన్ అంచు వెంబడి, భుజం వెంబడి మెల్లగా కత్తిరించుకుంటూ పోయింది. చింతాకంత పెద్దమేడాన్ని తాకకుండా చుట్టూ తిప్పింది. పిన్నీసుల దగ్గర చెయ్యి ఆగింది. ఎనిమిది పిన్నీసులు ఇంత ఓపికగా అంటించిన పిల్ల వెక్కిరిస్తుందా?  మళ్ళీ కత్తెర ఆడించింది. సిగ వదిలాక బొమ్మ మొత్తం ఊడి ఆవిడ భుజం మీద వాలింది.

చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళింది గాని పడెయ్యలేకపోయింది. మడిచి, మెట్లెక్కి, పసిపిల్లల మార్పు బట్టలు పెట్టే అలమరలో తువ్వాళ్ళ అడుగున దాచింది.

శనివారం ఉదయం గోడ మీద ఆ కంత చూసి క్రాఫ్టు టీచరమ్మ నిర్ఘాంతపోయింది. నిన్న సరిచేయించమన్న పెద్దమేడమే ఎవరిచేతనో తీయించి ఉంటుందని అనుకుంది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు, అడిగే ధైర్యం లేక నోరు మూసుకుంది. గుండీల పిల్ల కంత ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఏడవలేదు. టీచరమ్మ చెప్పినట్టే తన బొమ్మ పక్కన నిలబడి వచ్చినవాళ్ళ కోసం ఎదురుచూసింది. బొమ్మ లేకపోయినా చెప్పాల్సింది ఉంది కదా.

పదిన్నరకు జనం నిండారు. ఆయమ్మ మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వసారాలో తిరుగుతోంది, ఆ నాలుగో కాగితం వైపు మాత్రం పోకుండా. ఎవరి తాతగారో ఒకాయన పిల్ల దగ్గర ఆగి, ఇక్కడేదో చిరిగిపోయినట్టుందే అన్నాడు. ఆయనే నీళ్ళు కావాలని చెయ్యి ఊపడంతో ఆయమ్మ దగ్గరకు వెళ్ళక తప్పలేదు.

"చిరగలేదండీ, తీసేశారు" అంది పిల్ల. పాఠం అప్పజెప్పే గొంతుతో చెప్పుకుపోయింది. ఈజిప్టులో అందరికన్నా ముఖ్యమైనవాళ్ళని అందరికన్నా పెద్దగా వేసేవాళ్ళట. లావుని బట్టి, ఎత్తుని బట్టి కాదట. మా బడిలో అందరికన్నా ముఖ్యమైన మనిషి ఇక్కడ ఉండేది, అందుకే ఇంత పెద్ద కంత అంది. అప్పట్లో కూడా, తరవాత వచ్చినవాళ్ళకి ఎవరైనా నచ్చకపోతే వాళ్ళ బొమ్మ గోడ మీంచి చెక్కేసేవాళ్ళని టీచర్ చెప్పింది అంది.

తాతగారికి గ్లాసు అందిస్తున్న ఆయమ్మ అప్పుడు మొదటిసారి ఆ కంత వైపు తిరిగి చూసింది. 

అంతలో కమిటీవాళ్ళను వెంటపెట్టుకుని పెద్దమేడం వచ్చింది. కంత చూసి ఆగి, టీచరమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగింది. నిన్న కాగితం మూల ఊడి వేలాడుతుంటే అది అతికించమన్నాను, ఏకంగా మనిషిని తీసేశారేంటి అంది. నేను కాదండీ, మీరు తీయించారేమో అనుకున్నాను అంది టీచరమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తరవాత ఇద్దరూ కలిసి పిల్ల వైపు చూశారు. పెద్దవాళ్ళు ఇద్దరు తప్పు చెయ్యనప్పుడు చేసింది పిల్లలే అయి ఉండాలి కదా.

"బాగా రాలేదని నువ్వే కత్తిరించుకున్నావా? నిజం చెప్పు" అంది పెద్దమేడం.

పిల్ల లేదని తల ఊపింది. అబద్ధం ఆడకూడదు, ఇంతమంది ముందు అసలే ఆడకూడదు అంది పెద్దమేడం. పిల్ల చెయ్యి చొక్కా మీద గుండీని మెలితిప్పుతోంది. ఇంకో రెండు మెలికలు తిరిగితే అది ఊడుతుంది. ఆ సంగతి అక్కడ ఆయమ్మ ఒక్కదానికే తెలుసు.

ఆయమ్మ పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టింది.

"నేనేనండీ" అంది. "నిన్న సాయంత్రం నేనే కత్తిరించాను."

 పెద్దమేడం కళ్ళజోడు పైకి నెట్టుకుంది.  పిల్ల తలెత్తి ఆయమ్మ మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, అర్థం కాకపోవడం ఒక్కటే ఉంది.

"నీకు నువ్వు నచ్చవా ఆయమ్మా?"

 ఆయమ్మ వెనక్కి తిరిగి మెట్ల వైపు నడిచింది. పన్నెండో మెట్టు దగ్గర ఆగింది. ఈసారి పిన్నీసులు సర్దుకోలేదు, ఎవరైనా చూస్తున్నారేమోనని చూడలేదు. ఊరికే కడ్డీ పట్టుకుని, ఊపిరి అందేదాకా నిలబడి ఊపిరి తీసుకుంది. కింద అందరూ చూస్తూనే ఉన్నారు. తువ్వాళ్ళ అడుగునుంచి బొమ్మ తీసుకుని, అంతే మెల్లగా దిగింది.

టీచరమ్మ జిగురు గిన్నె తెచ్చింది. పిల్ల కింది నుంచి, ఆయమ్మ పైనుంచి పట్టుకుని బొమ్మను కంతలో అతికించారు. మడత గీతలు పోలేదు. మొండి కత్తెర కోసిన అంచులు కలవలేదు. సిగ ఇంకాస్త ఒరిగింది. పెద్దమేడం దగ్గరికి వచ్చి, ఇందులో నేనెక్కడున్నానంది. పిల్ల వేలు పెట్టి చూపించింది. చూడాలంటే వంగాలి. ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆనించుకుని వంగి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"నేనేం చేస్తున్నాను?"

"ఫోన్లో మాట్లాడుతున్నారండీ" అంది పిల్ల.

తాతగారు పకపకా నవ్వి, నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. పెద్దమేడం తిన్నగా నిలబడింది. సోమవారం మాట్లాడదాం ఆయమ్మా అంది, ఎప్పటి గొంతుతోనే.

మీ ఇష్టమండీ అనబోయిన నోరు ఆయమ్మకు ఎందుకో అడ్డం తిరిగింది.

"సోమవారం దాకా ఎందుకండీ. నాకు స్టోరు గది వద్దు. మెట్లు మెల్లగా ఎక్కుతాను. ఎక్కుతాను మాత్రం."

పెద్దమేడం ఔననలేదు, కాదనలేదు. కమిటీవాళ్ళు ముందుకు నడుస్తుంటే వాళ్ళ వెంట వెళ్ళిపోయింది. ఆ రాత్రి మొగుడు అడిగితే బొమ్మ సంగతి మొత్తం చెప్పింది ఆయమ్మ. గొప్పను బట్టి వేస్తారా, అదేం లెక్క అని ఆయన నమ్మలేదు. దగ్గరని బట్టే అన్నాడు మళ్ళీ. నువ్వన్నదీ తప్పేం కాదులే అంది ఆయమ్మ.

సోమవారం పొద్దున్నించీ పిలుపు కోసం చూసింది. ఆఫీసు గది ముందు నుంచి రెండుసార్లు ఊరికే నడిచింది. పిలవలేదు. పెద్దమేడం ఒకసారి ఎదురుపడి కూడా తల పంకించి వెళ్ళిపోయింది. ఉంచినట్టా, తీసేసినట్టా? పదకొండు గంటలకు బడి కాపలాదారు పసిపిల్లల గదిలోకి వచ్చి చిన్న బల్లలు ఒక్కొక్కటే భుజానికి ఎత్తుకోవడం మొదలుపెట్టాడు.  గది ఎత్తేస్తున్నారా అని అడిగింది ఆయమ్మ.

"దింపేస్తున్నాం" అన్నాడు అతను. "కిందున్న క్రాఫ్టు గది పైకి, ఈ గది కిందికి. పెద్దమేడం పొద్దున్నే చెప్పారు. నీకు చెప్పలేదా?"

ఎంత ముఖ్యమైన మాటయినా తనకు అలాగే తెలుస్తుంది మరి.  బల్లలన్నీ దిగాక ఆయమ్మ మిగిలిన ఒక్క బుల్లి కుర్చీ చంకన పెట్టుకుని తానూ దిగడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర ఆగింది. దిగేటప్పుడు ఎప్పుడూ ఆగే అవసరం లేదు, అయినా ఆగింది. చంకలోని కుర్చీని మలుపు మీద వేసి, అది మూలిగేలా దాని మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ మెట్ల మీద కూర్చోవడం అదే మొదటిసారి.

కింద గంట కొట్టారు. మూడో తరగతి పిల్లలు క్రాఫ్టు క్లాసుకని బిలబిలమంటూ పైకి వస్తూ ఆవిడ చుట్టూ దారి చేసుకుని పోయారు. గుండీల పిల్ల మాత్రం ఆగి, మూసిన గుప్పిలి తెరిచి చూపించింది. శనివారం మెలితిప్పిన గుండీ.

దగ్గరికి రమ్మని, ఆయమ్మ ఏప్రాన్ మీంచి ఒక పిన్నీసు తీసింది.